ఐలమ్మ ఒక్కతే కోప్పడలేదు

పాలకుర్తి ఐలమ్మ అనగానే మనకు కోపంగా ఉన్న ఒక మనిషి కనిపిస్తుంది. విగ్రహాల్లో, పోస్టర్లలో కర్రో కొడవలో పట్టుకుని సూటిగా చూస్తూ నిలబడి ఉంటుంది. 2024లో హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఒక చాకలి స్త్రీ కోపానికి ఇంత గౌరవం దొరకడం మామూలు విషయం కాదు. మనం చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నదేమో కోపం మనకే చేటు అని కదా!

పెద్దయ్యాక ఆ పాఠాన్నే ఆఫీసులో ఇంకో పేరుతో చెప్తారు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి స్ట్రెస్ మేనేజ్‌మెంట్ వర్క్‌షాపులు నాకు బాగా అలవాటు. ఊపిరి పీల్చుకోండి, పది లెక్కపెట్టండి, కోపంలో రాసిన మెయిల్ వెంటనే పంపకండి. మంచి సలహాలే, నేనూ పాటిస్తాను. కానీ వీటన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది: కోపం ఒక మనిషి ఒంట్లో పుడుతుంది, ఆ మనిషే దాన్ని సర్దుకోవాలి అని. జనగామ చరిత్ర చదివాక ఈ నమ్మకం మీద నాకు అనుమానం మొదలైంది.

ఇప్పుడు జిల్లా అయిన జనగామ నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. అక్కడ విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డిది రాజ్యం. పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో అతని భూమిని 40 వేల ఎకరాలని లెక్క కట్టాడు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, అందరూ దొరకు వెట్టి చెయ్యాల్సిందే. వెట్టి అంటే కూలి లేని పని మాత్రమే కాదు, కోపం వచ్చినా మొహంలో కనపడనివ్వకుండా చేసే పని. గడీ ముందు మింగిన ఆ కోపం రాత్రి ఇంటికొచ్చాక ఎవరి మీద పడేదో ఊహించడం కష్టం కాదు. మేనేజర్ దగ్గర నవ్వి, ఇంట్లో తలుపులు ధడాలున వేసే మనకు ఆ లెక్క బాగానే తెలుసు.

ఐలమ్మ మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుని వరి వేసింది. తన పంట కోతకొచ్చిన సమయంలో ఊరి పట్వారీ తన పొలంలో పనికి రమ్మన్నాడు. ఆమె వెళ్ళలేదు. అప్పటికే ఆంధ్ర మహాసభలో, అంటే ఊళ్ళలో జనం పిలుచుకునే ‘సంఘం’లో చేరింది. ఒక చాకలి స్త్రీ సంఘంలో చేరడం, పిలిస్తే రాకపోవడం దేశ్‌ముఖ్‌కు గిట్టలేదు. ఆమె కుటుంబం మీద, సంఘం నాయకుల మీద కేసులు పెట్టించాడు. నెగ్గలేకపోయాడు. చివరికి పంటే కోసుకు రమ్మని మనుషుల్ని పంపాడు. సుందరయ్య లెక్కలో గూండాలు దాదాపు 100 మంది, ఎదురు నిలబడ్డ సంఘం వాళ్ళు 28 మంది. గూండాలు పారిపోయారు. పంట ఐలమ్మ ఇంటికి చేరింది.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆమె తెగువ ఒక్కటే కాదు, ఆ కోపం నడిచిన దారి. ఆమె అరిచి ఊరుకోలేదు, మింగి కూర్చోలేదు. అది సంఘంలో సభ్యత్వం అయింది, కోర్టులో వాదన అయింది, పొలం గట్టు మీద 28 కర్రలు అయింది, చివరికి ఇంట్లో వడ్లు అయింది. ప్రతి మెట్టు దగ్గరా ఆ బరువు మొయ్యడానికి ఇంకొకరు ఉన్నారు. ఒక్క మనిషి మీదే పడి ఉంటే అది ఆమెనే కాల్చేసేది.

1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. జనం గడీ మీదికి తిరగబడ్డారు. అక్కడితో ఆగిపోతే దాన్ని ఒక రోజు ఆవేశం అనేవాళ్ళం. కానీ ఊరేగింపులు ఊరి నుంచి ఊరికి నడిచాయి. వెళ్ళిన చోటల్లా సంఘం పెట్టారు, వెట్టి రద్దయిందని చాటారు. దుఃఖానికి కూడా చెయ్యాల్సిన పని దొరికింది.

ఇక్కడితో ముగిస్తే అందమైన కథే. కానీ ఇంకో సగం ఉంది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చాక దళాలు అడవుల వైపు జరిగాయి. మానుకోట, ములుగు, గోదావరి ఒడ్డు, అంటే ఇప్పటి మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల వైపు. ఆడవాళ్ళూ వెళ్ళారు. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. ఆ తర్వాత వాళ్ళకేమైందో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివితే తెలుస్తుంది. ఇల్లూ పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళని మళ్ళీ ఇళ్ళకు వెళ్ళమన్నారు. కొందరికి వెళ్ళడానికి ఇల్లే లేదు. ఉన్నవాళ్ళకు వంటిల్లు మిగిలింది.

ఆ పుస్తకంలో ఆ స్త్రీల గొంతుల్లో కోపం ఉంది. ఈసారి దొర మీద కాదు, తనవాళ్ళ మీద. భర్త మీద, సహచరుల మీద, పార్టీ మీద. దొర మీద కోపానికి సంఘం ఉంది, నినాదం ఉంది. అన్నా అని పిలిచిన మనిషి మీద కోపం వస్తే ఎక్కడ చెప్పుకోవాలి? ఎవరైనా టేప్ రికార్డర్ పట్టుకొచ్చి అడిగేదాకా, ముప్పై ఏళ్ళకు పైగా, అది లోపలే ఉండిపోయింది.

మన రోజువారీ గొడవలు ఎక్కువగా ఈ రెండో రకంవే. ఎదుట ఉన్నది విసునూరు దొర కాదు; పెళ్ళాం, మొగుడు, అన్న, టీమ్‌లో పక్క సీటు వాడు. శత్రువు మీద గెలిచిన ఉద్యమానికే దారి దొరకని చోటు ఇది. అందుకే పది లెక్కపెట్టమనే సలహా నాకు తప్పనిపించదు, సగమే అనిపిస్తుంది. లెక్కపెట్టాక ఆ కోపాన్ని ఎవరికి చెప్పాలి, విన్నవాళ్ళు మనతో కలిసి ఏ పని చెయ్యాలి అన్నది మిగతా సగం.

ఐలమ్మ 1985లో చనిపోయింది. ఆ పుస్తకంలో ఆమె మాటలూ ఉన్నాయి. ఆమె పేరు మీద విశ్వవిద్యాలయం ఉన్న ఈ కాలంలో విగ్రహం దగ్గర ఫొటో దిగేవాళ్ళు ఒకసారి అవి చదవాలి. చదువుతున్నప్పుడు ఆమె పక్కన ఎవరెవరు నిలబడ్డారో లెక్కపెట్టండి. తర్వాత మిగతా స్త్రీల మాటలు చదువుతూ, వాళ్ళ పక్కన ఎవరు నిలబడలేదో కూడా.