సెల్ టవర్ భయం: పుట్టుపూర్వోత్తరాలు

సెల్ టవర్ వల్ల జబ్బులొస్తాయన్న భయానికి మూలాలు సెల్ టవర్ కంటే పాతవి. మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం మీదికి సోవియట్ యూనియన్ ఏళ్ల తరబడి మైక్రోవేవ్ తరంగాలు ప్రసరింపజేసిందన్న సంగతి 1976లో పత్రికలకెక్కింది. 1979లో డెన్వర్ నగరంలో నాన్సీ వెర్థైమర్, ఎడ్ లీపర్ అనే ఇద్దరు పరిశోధకులు, ఎక్కువ కరెంటు మోసే తీగలకు దగ్గరగా ఉన్న ఇళ్లలో పిల్లలకు లుకేమియా (రక్త క్యాన్సర్) ఎక్కువగా కనిపిస్తోందని ఒక వ్యాసం ప్రచురించారు. కంటికి కనిపించని, వాసన లేని, తప్పించుకోవడానికి వీలులేని ప్రమాదమొకటి ఇంటి చుట్టూ ఉందన్న ఊహకు ఈ రెండూ ఊపిరి పోశాయి. 1993 జనవరిలో ల్యారీ కింగ్ టీవీ కార్యక్రమంలో ఫ్లోరిడా వాసి ఒకరు తన భార్య మెదడులో కణితికి సెల్‌ఫోనే కారణమని చెప్పారు. మరుసటి రోజుల్లో మోటరోలా షేరు ధర పడిపోయింది. ఆయన వేసిన దావాను తగిన శాస్త్రీయ సాక్ష్యం లేదని కోర్టు కొట్టేసింది గానీ, టీవీలో మాట విన్నంతమంది తీర్పు వినలేదు.

భారతదేశానికి సెల్‌ఫోను వచ్చేసరికి ఈ వాదం అమెరికాలో బాగా ముదిరి ఉంది. 1995 జులై 31న కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిందే దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ తొలి కంపెనీలు. నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. ఫోను చేసినవారికే కాదు, ఎత్తినవారికీ బిల్లు వచ్చేది. అంత ఖరీదైన వస్తువు గురించి బీదాబిక్కీ, మధ్యతరగతి భయపడాల్సిన అవసరమే రాలేదు. ఫోను డబ్బున్నవాళ్లది, టవర్ ఊరి పెద్ద భవనాల మీద.

2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడాది రిలయన్స్ 501 రూపాయలకే చేతికి ఫోనిచ్చే పథకం పెట్టింది. 2001 మార్చిలో దేశం మొత్తం మీద 36 లక్షలున్న మొబైల్ కనెక్షన్లు 2011 మార్చికి 81 కోట్లయ్యాయి. పదేళ్లలో ఇన్ని ఫోన్లకు సిగ్నల్ అందాలంటే టవర్లు వీధివీధికీ రావాల్సిందే. ఖాళీ స్థలం దొరకని పట్నాల్లో అవి డాబాల మీదికెక్కాయి. మొదట్లో ఒక్కో కంపెనీ సొంత టవర్ కట్టుకునేది. టవర్లను పంచుకోవడం తర్వాత పెరిగింది. ఆ పని కోసమే పుట్టిన ఇండస్ టవర్స్ 2007 నాటిది.

భయం అసలు వేళ్లూనుకున్నది ఈ డాబాల మీదే. టవర్ ఒప్పందం కంపెనీకీ ఇంటి యజమానికీ మధ్య కుదురుతుంది. నెలనెలా అద్దె యజమానికి వస్తుంది. పక్కింటివాళ్లను ఎవరూ అడగరు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఎదురు మేడ మీద ఇనుప చట్రం, దాని పక్కన జనరేటర్. ఎండాకాలం కరెంటు పోయిన రాత్రుల్లో ఆ జనరేటర్ మోతా, డీజిల్ పొగా వీధి మొత్తానికీ పంపకం. అద్దె మాత్రం ఒక్క ఇంటికే. అంత బరువుకు పాత మేడ కూలుతుందేమోనన్న బెంగ వేరే. ఇన్ని ఫిర్యాదుల్లో అధికారులు పట్టించుకునేలా చెప్పగలిగింది రేడియేషన్ ఒక్కటే. పొగ గురించీ మోత గురించీ ఇచ్చిన అర్జీ ఎక్కడో పడి ఉంటుంది. పిల్లలకు క్యాన్సర్ వస్తుందని ఇచ్చిన అర్జీ పేపర్లో పడుతుంది. టవర్ భయంలో కొంత భాగం, బహుశా పెద్ద భాగమే, తమను అడగకుండా తమ నెత్తిన పెట్టారన్న కోపం.

ఇక విజ్ఞానం చెప్పేది ఏమిటి? సెల్‌ఫోన్లు వాడే 900, 1800 మెగాహెర్ట్జ్ తరంగాలకు ఎక్స్‌రేల మాదిరిగా అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి లేదు. తగినంత తీవ్రత ఉంటే అవి శరీరాన్ని వేడెక్కించగలవు. నిర్ధారణ అయిన ప్రభావం అదే. టవర్ మీది యాంటెనాలు శక్తిని దాదాపు అడ్డంగా, దూరానికి పంపుతాయి. దీపం కింద చీకటి అన్నట్టు టవర్ ఉన్న మేడలోనే కిరణాల జోరు తక్కువగా ఉండొచ్చు. అదే ఎత్తులో ఎదురుగా, దగ్గరగా ఉన్న పై అంతస్తు కిటికీకే ఎక్కువ తగులుతుంది. దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుంది. చేతిలోని ఫోను సంగతి వేరు. 900 మెగాహెర్ట్జ్‌లో పాత జీఎస్ఎం ఫోను గరిష్ఠంగా 2 వాట్లు, సగటున పావు వాటు మాత్రమే వెలువరిస్తుంది కానీ, అది చెవికి ఆనించి ఉంటుంది. పైగా సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట టవర్‌ను అందుకోవడానికి ఫోను తన శక్తిని పెంచుకుంటుంది. అంటే కాలనీవాళ్లంతా పోరాడి టవర్‌ను దూరంగా తరిమేస్తే, వాళ్ల చెవుల దగ్గరి ఫోన్లు మరింత గట్టిగా పనిచేయాల్సి వస్తుంది. కాలనీ సమావేశాల్లో ఈ మాట వినిపించడం అరుదు.

అంతర్జాతీయ అయనీకరణేతర రేడియేషన్ రక్షణ సంఘం 1998లో ఇచ్చిన ప్రమాణాల్ని భారత ప్రభుత్వం 2008లో స్వీకరించింది. వాటి ప్రకారం 900 మెగాహెర్ట్జ్ వద్ద జనం మీద పడే తీవ్రత చదరపు మీటరుకు 4.5 వాట్లు మించకూడదు. 2010 ఆగస్టులో కేంద్రం ఈ విషయం తేల్చడానికి వివిధ మంత్రిత్వ శాఖల అధికారులతో ఒక కమిటీ వేసింది. ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ గిరీశ్ కుమార్ అదే ఏడాది డిసెంబరులో, ఉన్న పరిమితులు చాలా వదులుగా ఉన్నాయంటూ టెలికాం శాఖకు నివేదిక ఇచ్చారు. పత్రికల్లో, టీవీల్లో టవర్ వ్యతిరేక వాదానికి పెద్ద గొంతు ఆయనదే అయింది. కమిటీ సిఫార్సుల మేరకు 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల పరిమితిని పదో వంతుకు, అంటే 900 మెగాహెర్ట్జ్ వద్ద 0.45 వాట్లకు తగ్గించారు. ఫోన్లకు శరీరం పీల్చుకునే శక్తిని బట్టి పెట్టే పరిమితిని కూడా బిగించారు. అంతకుముందు 10 గ్రాముల కణజాలం సగటు మీద కిలోకు 2 వాట్లుండేది. దాన్ని ఒక్క గ్రాము సగటు మీద 1.6 వాట్లు చేశారు. ఫోన్లో *#07# నొక్కితే కనిపించేది, ఆ ఫోను విషయంలో ఈ శక్తి ఎంతో చెప్పే అంకె.

పదో వంతు అన్న అంకె ఏదైనా కొత్త ప్రయోగం వల్ల తేలింది కాదు. ముందు జాగ్రత్త పేరుతో తీసుకున్న పరిపాలనా నిర్ణయం. దాన్ని తప్పుపట్టలేం, కానీ దాని ప్రభావం ప్రభుత్వం ఆశించినట్టు లేదు. పరిమితిని తగ్గించారంటే ఇన్నాళ్లూ ప్రమాదం ఉన్నట్టేగా అని జనం అనుకున్నారు. జాగ్రత్త చర్యలు ధైర్యానికి బదులు అనుమానాన్ని పెంచుతాయని యూరప్‌లో జరిగిన అధ్యయనాలు 2005 నాటికే చూపించాయి.

2011 మే 31న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను 2బి తరగతిలో, అంటే క్యాన్సర్ కారకం అయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేని వాటిలో, చేర్చింది. ఆసియా దేశాల సంప్రదాయ కూరగాయల పచ్చళ్లూ అదే తరగతిలో ఉన్నాయి. ఈ తరగతులు సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతాయి తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. ఈ నిర్ణయం ప్రధానంగా ఫోను వాడకం మీద జరిగిన అధ్యయనాల ఆధారంగా వచ్చింది. వాటిలో పెద్దది 13 దేశాల ఇంటర్‌ఫోన్ అధ్యయనం. మొత్తం మీద ప్రమాదం పెరిగినట్టు అందులో కనిపించలేదు. అందరికంటే ఎక్కువ సేపు మాట్లాడిన పదో వంతు మందిలో మాత్రం గ్లయోమా అనే మెదడు కణితి కొంత ఎక్కువగా కనిపించింది. ఆ ఫలితంలో పొరపాట్లకూ పక్షపాతానికీ తావుందని ఆ పరిశోధకులే రాశారు. పత్రికల్లో మాత్రం ఫోను సంగతి పక్కకు పోయి టవర్ బొమ్మ మిగిలింది.

కోర్టులు ఒకే దారిలో నడవలేదు. టవర్ల వల్ల ఆరోగ్యానికి హాని ఉందనడానికి ఆధారం లేదని కేరళ హైకోర్టు 2006లోనే ఒక గ్రామ పంచాయతీ కేసులో చెప్పింది. 2012 నవంబరులో రాజస్థాన్ హైకోర్టు అందుకు భిన్నంగా బడులు, ఆస్పత్రుల దగ్గర టవర్లు తొలగించాలని ఆదేశించింది. 2017లో గ్వాలియర్‌కు చెందిన ఒక ఇంటిపనివాడు, తాను పనిచేసే ఇంటికి సుమారు 50 మీటర్ల దూరంలోని టవర్ వల్లే తనకు హాడ్జ్‌కిన్స్ లింఫోమా అనే క్యాన్సర్ వచ్చిందని సుప్రీంకోర్టుకెక్కాడు. ఆ టవర్‌ను ఏడు రోజుల్లో ఆపేయాలని కోర్టు ఆదేశించింది. ఒక వ్యక్తి ఫిర్యాదు మీద టవర్ మూతపడటం అసాధారణమైన సంగతి. అదే ఏడాది మే నెలలో టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్ తెరిచింది. తమ ప్రాంతంలోని టవర్లు నిబంధనలు పాటిస్తున్నాయో లేదో అందులో చూసుకోవచ్చు. 4,000 రూపాయలు కడితే అధికారులు వచ్చి కొలిచిపెడతారు.

మనుషుల జబ్బుల తర్వాత భయం పిచ్చుకల మీదికి మళ్లింది. పక్షుల మీద, తేనెటీగల మీద టవర్ల ప్రభావాన్ని పరిశీలించడానికి పర్యావరణ మంత్రిత్వ శాఖ 2010లో నిపుణుల కమిటీ వేసింది. ఉన్న టవర్‌కు కిలోమీటరు లోపల కొత్త టవర్ పెట్టవద్దని ఆ శాఖ 2012 ఆగస్టులో సలహా ఇచ్చింది. 2018లో వచ్చిన రజనీకాంత్ సినిమా 2.ఓ, టవర్ల వల్ల పక్షులు చస్తున్నాయన్న నమ్మకాన్నే కథగా మలచుకుంది. తెలుగులోనూ విడుదలైన ఆ సినిమా మీద సెల్‌ఫోను కంపెనీల సంఘం సెన్సార్ బోర్డుకు ఫిర్యాదు చేసింది. 2020లో వచ్చిన దేశ పక్షుల నివేదిక ప్రకారం పిచ్చుకల సంఖ్య మొత్తం దేశం మీద నిలకడగానే ఉంది. పెద్ద నగరాల్లో తగ్గింది. టవర్లే కారణమనడానికి ఆధారాల్లేవని, గూళ్లకు చోటూ పిల్లలకు పెట్టే పురుగులూ తగ్గడం మీద దృష్టి పెట్టాలని పక్షి పరిశోధకుల మాట. పెంకుటిళ్లు పోయి నున్నటి గోడలొచ్చిన ఊళ్లలో ఈ వివరణ ఎక్కువ పొసగుతుంది.

భయం ఉన్నచోట సరుకు అమ్మేవాళ్లూ ఉంటారు. ఫోను వెనక అంటించుకునే రేడియేషన్ స్టిక్కర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ ఛైర్మన్ వల్లభ్‌భాయ్ కథీరియా ఆవు పేడతో చేసిన చిప్‌ను విడుదల చేసి, అది ఫోన్ల రేడియేషన్‌ను తగ్గిస్తుందన్నారు. ఆధారాలు చూపమని 400 మందికి పైగా శాస్త్రవేత్తలు అడిగారు. మరోపక్క ఆశను అమ్ముకునేవాళ్లు: మీ స్థలంలో టవర్ పెడతాం, లక్షల అడ్వాన్స్ ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటూ ప్రకటనలిచ్చి ముంచే ముఠాలు. వీటిని నమ్మవద్దని టెలికాం శాఖ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పదేపదే హెచ్చరించాయి. టవర్‌కు భయపడే వీధిలోనే టవర్ కోసం డబ్బు పోగొట్టుకునేవాళ్లూ ఉండటం ఈ చరిత్రలో విచిత్రమైన ముక్క.

టవర్ లేనిచోట ఆలోచన వేరు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో సిగ్నల్ కోసం కొండెక్కాల్సిన గూడేలకు టవర్ ఒక కోరిక. రేషన్ వేలిముద్ర, కరోనా కాలపు ఆన్‌లైన్ పాఠాలు, 108కు ఫోను అన్నీ దానిమీదే ఆధారపడ్డాయి. ఆంధ్ర ఒడిశా సరిహద్దులో మావోయిస్టులు టవర్లను పేల్చింది రేడియేషన్ భయంతో కాదు, పోలీసులకు సమాచారం చేరుతుందని. సిగ్నల్ అందని 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చేందుకు 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఇక మైదాన ప్రాంతాల్లో టవర్‌కు మరో ఉపయోగం పుట్టింది: న్యాయం జరగలేదనుకున్నవాడు పైకెక్కి కూర్చుంటే అధికారులు కిందికి పరుగెత్తుకొస్తారు.

2020 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో 5జీకీ కరోనాకూ ముడిపెట్టి డజన్ల కొద్దీ టవర్లు తగలబెట్టారు. ఆ పుకారు 2021 వేసవిలో, రెండో దశ మరణాల మధ్య, వాట్సాప్‌లో ఉత్తర భారతమంతా పాకింది. దేశంలో 5జీ ప్రయోగాలు ఎక్కడా మొదలే కాలేదని మే 10న టెలికాం శాఖ ప్రకటించాల్సి వచ్చింది. 5జీకి వ్యతిరేకంగా నటి జూహీ చావ్లా మరి కొందరితో కలిసి వేసిన దావాను ఢిల్లీ హైకోర్టు జూన్ 4న కొట్టేసి 20 లక్షల రూపాయల ఖర్చులు విధించింది; 2022 జనవరిలో డివిజన్ బెంచ్ దాన్ని 2 లక్షలకు తగ్గించింది. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైంది. అప్పటికి 2000 మెగాహెర్ట్జ్ పైన వాడే తరంగాలకు భారత పరిమితి చదరపు మీటరుకు 1 వాటు, అంతర్జాతీయ పరిమితి 10 వాట్లు ఉండేవి.

ఈలోగా పరిశోధన ఆగలేదు. అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2018లో, రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లు రేడియో తరంగాలకు గురిచేసిన మగ ఎలుకల గుండెల్లో కణితులు కనిపించాయని ప్రకటించింది. అదే ప్రయోగంలో తరంగాలు తగిలిన మగ ఎలుకలు తగలని వాటికంటే ఎక్కువ కాలం బతికాయి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 63 అధ్యయనాలను జల్లెడపట్టిన సమీక్ష 2024లో వచ్చింది. సెల్‌ఫోను వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని తేల్చింది.

చట్టం వైపు చూస్తే, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. దాని కింద తయారైన రైట్ ఆఫ్ వే (టవర్లు, తీగల కోసం స్థలం వాడుకునే హక్కు) నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రైవేటు స్థలంలో టవర్ పెట్టేందుకు కంపెనీ ఇప్పటికీ యజమానితోనే ఒప్పందం చేసుకుంటుంది. పక్కింటివారు ఆ ఒప్పందంలో పక్షం కారు.