మెదిచి ఇంటి ఆఖరి ఆడపడుచు

1737 జులై 9న ఫ్లోరెన్స్ నగరంలోని పిట్టి ప్యాలెస్‌లో ఒక మంచం ఖాళీ అయింది. ఏళ్ల తరబడి ఆ మంచం దిగకుండానే టస్కనీ రాజ్యాన్ని ఏలిన గ్రాండ్ డ్యూక్ జాన్ గాస్తోనె తన 66వ ఏట కన్నుమూశాడు. తాగుడు, నస్యం, మాసిన పక్కబట్టలు, వినోదం కోసం జీతాలిచ్చి పోగుచేసుకున్న కుర్రకారు. మెదిచి వంశంలో చివరి ఏలిక వైభవం అది. ఆయన ప్రాణం పోకముందే ఆ రాజ్యం ఎవరికి దక్కాలో పరాయి రాజులు తేల్చేశారు. మొదట స్పెయిన్ రాకుమారుడు కార్లోస్‌కు అన్నారు, తర్వాత మాట మార్చి లొరేన్ డ్యూక్ ఫ్రాన్సిస్‌కు రాసిచ్చారు. ఇంటాయన్ని మాటవరసకైనా అడిగిన పాపాన పోలేదు.

అదే ప్యాలెస్‌లో ఇంకోవైపు ఆయన అక్క ఉంది. పేరు ఆన్నా మరియా లుయీసా. డెబ్బైకి దగ్గరపడిన విధవరాలు, పిల్లలు లేరు. తమ్ముడికీ ఆమెకూ చాలాకాలంగా పడదు. తన బతుకును బుగ్గి చేసిన పెళ్లి కుదిర్చింది అక్కేనని ఆయన కోపం. ఆ కోపంలో అన్యాయం లేదు.

ఈ ఇల్లు ఎలా లేచిందో అందరికీ తెలిసిన కథే. 1397లో జొవాన్ని ది బిచ్చి అనే ఆయన ఫ్లోరెన్స్‌లో బ్యాంకు పెట్టాడు. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి బోధించే రోజుల్లో ఆ చర్చి డబ్బులకే లెక్కలు చూసిన కుటుంబం ఇది. కొడుకు కోసిమో నగరాన్ని గుప్పిట పెట్టుకున్నాడు. మునిమనవడు లొరెంజో ఇంట్లో కుర్రవాడైన మైకెలాంజెలో భోజనం చేశాడు. ఈ ఇంటివాళ్లు పోపులయ్యారు, ఈ ఇంటి ఆడపిల్లలు కేథరీన్, మేరీ ఫ్రాన్స్‌కు రాణులయ్యారు. 1610లో గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చందమామలను కనిపెట్టి వాటికి మెదిచి నక్షత్రాలని పేరు పెట్టాడు.

వీళ్లను మట్టుపెట్టాలని చూసినవాళ్లకూ కొదవ లేదు. 1478లో పాజీ కుటుంబం పన్నిన కుట్రలో సాక్షాత్తూ ప్రధాన చర్చిలో, పూజ జరుగుతుండగా లొరెంజో తమ్ముడు జూలియానోను పొడిచి చంపారు. 1494లో ఊరు ఊరంతా కలిసి ఈ కుటుంబాన్ని తరిమేసింది. ప్రతిసారీ తిరిగొచ్చారు. కత్తికీ బహిష్కారానికీ లొంగని వంశం చివరికి పెళ్లిపందిట్లో ఓడిపోయింది.

ఆ ఓటమి మూడో కోసిమోతో మొదలైంది. 1670 నుంచి 53 ఏళ్లు ఏలాడు. భక్తి మెండు, నవ్వు సున్నా. 1661లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి పినతండ్రి కూతురైన మార్గరీత్ లూయీని కట్టుకున్నాడు. ఆవిడకు మొగుడన్నా ఊరన్నా గిట్టలేదు. పద్నాలుగేళ్లు పోట్లాడి, 1675లో ముగ్గురు పిల్లల్నీ వదిలేసి పారిస్ వెళ్లిపోయింది. అప్పటికి ఆన్నా మరియాకు ఏడేళ్లు, జాన్ గాస్తోనెకు నాలుగు.

పెద్దకొడుకు ఫెర్దినాందో సంగీతప్రియుడు. పియానో పుట్టింది ఈయన కొలువులో ఉన్న క్రిస్తోఫోరి చేతిలోనే. బవేరియా రాకుమార్తెతో పెళ్లయింది, సంతానం కలగలేదు. సుఖవ్యాధితో తీసుకుని తీసుకుని 1713లో తండ్రి కళ్లముందే పోయాడు. కూతుర్ని 1691లో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉండే పాలటినేట్ ప్రభువుకిచ్చారు. దంపతులు అన్యోన్యంగానే ఉన్నారు గానీ ఒడి నిండలేదు. ఇక మిగిలింది జాన్ గాస్తోనె. అక్క పూనుకుని ఒక జర్మన్ వితంతువును వెతికింది. 1697లో పెళ్లి. పెళ్లికూతురికి గుర్రాలు, వేట, బొహీమియాలోని తన పల్లెటూరు తప్ప మరో లోకం లేదు. ఫ్లోరెన్స్‌కు రానని భీష్మించుకుంది. పుస్తకాలూ మొక్కలూ ఇష్టపడే ఆ మెతక మనిషి 1708లో ఒంటరిగా ఇంటికొచ్చాడు. పెళ్లాం ముఖం మళ్లీ చూడలేదు.

అప్పుడు ముసలి కోసిమో చేసిన పని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తమ్ముడు ఫ్రాంచెస్కో మరియా చర్చిలో కార్డినల్. భోజనప్రియుడు, భారీకాయుడు, యాభైకి దగ్గరపడ్డవాడు. 1709లో ఆయన చేత ఆ ఎర్రటోపీ తీయించి, ఇరవై మూడేళ్లు కూడా నిండని ఎలెనోరా గొంజాగాతో పెళ్లి చేశాడు. ఆ పిల్ల ఆయన్ని దగ్గరకు రానివ్వలేదు. రెండేళ్లు తిరక్కుండానే ఆయనా పోయాడు. ఆ పిల్ల గోడు పట్టించుకున్నవాళ్లు లేరు. వంశం నిలబెట్టే ఆరాటంలో మనుషులు కనబడరు.

ఆఖరికి కోసిమో కూతురివైపు చూశాడు. తానూ జాన్ గాస్తోనే పోయాక రాజ్యం ఆన్నా మరియాకే దక్కాలని 1713లో సెనేట్ చేత ఒప్పించాడు. పవిత్ర రోమన్ చక్రవర్తి ఆరో చార్లెస్ ససేమిరా అన్నాడు. ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్ల అని మన ఇళ్లలోనూ అంటారు కదా. భర్త పోయాక 1717లో ఆమె పుట్టింటికి తిరిగొచ్చింది.

జాన్ గాస్తోనెను తిట్టిపోయడం చరిత్రకారులకు తేలిక. 1723లో గద్దెనెక్కాక తండ్రి పెట్టిన వేగుల్నీ మతం పేరిట సాగిన వేధింపుల్నీ తీసేశాడనీ, పన్నులు తగ్గించాడనీ అంతగా చెప్పరు. ఆయన ఏలుబడి ఆఖరి నెలల్లోనే, 1737 మార్చి 12న, గెలీలియో అస్థికలను మూలగది నుంచి తీసి శాంతా క్రోచె చర్చిలో సగౌరవంగా సమాధి చేశారు. అప్పటికి ఆ శాస్త్రవేత్త పోయి 95 ఏళ్లు.

తమ్ముడు పోయిన నాలుగు నెలలకే, అక్టోబరు 31న, ఆన్నా మరియా కొత్త పాలకులతో ‘కుటుంబ ఒప్పందం’ కుదుర్చుకుంది. చిత్రాలు, శిల్పాలు, గ్రంథాలయాలు, నగలు అన్నీ కొత్త వంశానికే ఇచ్చేస్తాను, కానీ ఒక్క వస్తువు కూడా ఈ నగరం గడప దాటకూడదు అన్నది షరతు. రాజ్యానికి అలంకారంగా ఉండాలి, జనానికి ఉపయోగపడాలి, పరదేశులను రప్పించాలి అని మూడు కారణాలు రాయించింది. మూడోది మళ్లీ చదవండి. టూరిజం అనే మాట పుట్టకముందు ఒక ముసలావిడకు తట్టిన ఆలోచన అది.

ఆ షరతు విలువ తెలియాలంటే పక్క సంస్థానాల గతి చూడాలి. మాంటువా గొంజాగాలు 1620ల చివర్లో తమ చిత్రాలను ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కు అమ్ముకున్నారు. వాటిని చూడాలంటే ఇవాళ లండన్, పారిస్, మాడ్రిడ్ తిరగాలి. మోదెనా డ్యూక్ 1746లో వంద చిత్రాలను డ్రెస్డెన్‌కు అమ్మేశాడు. బొతిచెల్లి గీసిన వీనస్ మాత్రం ఫ్లోరెన్స్‌లోనే ఉంది.

షరతు తప్పి గడప దాటినవీ ఉన్నాయి. వాటిలో ఒకటి మన దేశపు రాయి. ఫ్లోరెంటైన్ అని పేరుబడ్డ, 137 కేరట్ల లేతపసుపు వజ్రం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులను కళ్లారా చూసి రాసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ రాయినీ మెదిచిల దగ్గర చూశాడు. కొత్త డ్యూక్ దాన్ని వియన్నాకు పట్టుకుపోయాడు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అది కంటికి కనబడకుండా పోయింది. కెనడాలో ఒక బ్యాంకు లాకరులో భద్రంగా ఉందని 2025 నవంబరులో ఆ డ్యూక్ వంశస్థులైన హాబ్స్‌బర్గ్ వారసులు బయటపెట్టారు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్లకింద ఉంది.

ఆన్నా మరియా మిగిలిన ఐదేళ్లూ పిట్టి ప్యాలెస్‌లోనే గడిపింది. తనవాళ్లంతా పడుకున్న సాన్ లొరెంజో చర్చికి సొంత డబ్బుతో గంటస్తంభం కట్టించింది. 1743 ఫిబ్రవరి 18న తానూ అక్కడికే చేరింది. ఆమెతో ఆ ఇంట్లో దీపం ఆరింది. గురుగ్రహపు చందమామలను ఇప్పుడు గెలీలియో పేరుతోనే పిలుస్తున్నారు.

ఫ్లోరెన్స్ వెళ్లే తెలుగువాళ్లు ఉఫిజి గ్యాలరీ చూసుకుని రైలెక్కేస్తుంటారు. పదిహేను నిమిషాలు నడిస్తే సాన్ లొరెంజో వస్తుంది. అయిదు వందల ఏళ్ల కింద మైకెలాంజెలో చేత పాలరాతి ముఖభాగం కట్టించాలని ఒక మెదిచి పోపు తలపెట్టిన చర్చి అది. ఆ గోడ ఇప్పటికీ పూత లేని మొండిరాయే.