అంకెల నుండి చిత్రానికి: ఫ్రాక్టల్ కళ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తల పైకెత్తితే మీకు కనిపించేవి కోర్సుల బోర్డులే. 2000 సంవత్సరపు కంప్యూటర్ సమస్యను సరిదిద్దడానికి మనుషులు కావలసి వచ్చిన రోజుల్లో జిల్లాల నుండి వచ్చిన యువకులు ఇక్కడ కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్నారు. తరువాత జావా, ఒరాకిల్ వచ్చాయి. ఉద్యోగం చూపించని విద్యకు ఆ బోర్డులపై చోటు తక్కువ. ఫ్రాక్టల్ చిత్రకళ అటువంటిదే. అయితే దానికి బోర్డూ అక్కరలేదు, ఫీజూ అక్కరలేదు. అలా కావడానికి సుమారు ఎనభై ఏళ్ళు పట్టింది.

ముందు ఒక చిన్న లెక్క చేయండి. సున్నాతో మొదలుపెట్టి, సంఖ్యను వర్గం చేసి 1 కలపండి. వచ్చిన ఫలితంతో మళ్ళీ అదే చేయండి. 0, 1, 2, 5, 26... సంఖ్య అదుపు తప్పి పెరుగుతుంది. 1కి బదులు -1 కలిపితే 0, -1, 0, -1 అని అక్కడక్కడే తిరుగుతుంది. కలిపే సంఖ్యగా సంకీర్ణ సంఖ్యలను తీసుకొని, అదుపులో ఉండేవాటిని నలుపుతోను, తప్పించుకునేవాటిని వాటి వేగాన్ని బట్టి రంగులతోను గుర్తిస్తే చిత్రం తయారవుతుంది.

ఇటువంటి పునరావృత్తిని ఫ్రాన్సులో గాస్టన్ జూలియా, పియరీ ఫటూ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే అధ్యయనం చేశారు. యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న జూలియా తన ప్రసిద్ధ వ్యాసాన్ని 1918లో ప్రచురించాడు. చేతితో ఇన్ని లక్షల గుణకారాలు ఎవరు చేస్తారు? సిద్ధాంతం ఉంది, బొమ్మ లేదు. 1975లో 'ఫ్రాక్టల్' అనే పేరు పెట్టిన బెన్వా మాండెల్‌బ్రాట్, 1980లో ఐబీఎం కంప్యూటర్లపై నేడు తన పేరుతో పిలిచే ఆకారాన్ని పరిశీలించాడు. (బ్రూక్స్, మాటెల్‌స్కీ అంతకు ముందే దాని ముతక బొమ్మను గీశారన్నది మరచిపోకూడదు.) కానీ అటువంటి యంత్రాలు సామాన్యుడికి అందేవి కావు.

అసలు మలుపు 1988లో వచ్చింది. దశాంశ లెక్కల్లో నత్తనడక నడిచే చవక పీసీల కోసం, పూర్ణాంకాలతోనే పని జరిపించే ఒక ప్రోగ్రామును బెర్ట్ టైలర్ రాశాడు. తలా ఒక చెయ్యి వేసి పెంచిన ఆ ప్రోగ్రామే ఫ్రాక్టింట్. అది ఉచితమే గాని, అమ్ముకోవడంపై షరతులుండేవి. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని మీరు ఇక్కడ గుర్తించాలి. 1996లో యాన్ హుబిచ్కా, థామస్ మార్ష్ మొదలుపెట్టిన జావోస్ మాత్రం జీపీఎల్ లైసెన్సుతో వచ్చింది: వాడవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చి పంచవచ్చు.

మనకు ఇది పూర్తిగా పరాయి విద్య కాదు. 1974లోనే గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ చుక్కల ముగ్గులకు కంప్యూటర్ వ్యాకరణం రాశారు. ప్రతి ముగ్గూ ఫ్రాక్టల్ కాదు. ఒకే నియమాన్ని మళ్ళీమళ్ళీ వర్తింపజేయడమే ఇక్కడ పోలిక.

జావోస్ తెరచి, నల్లని ఆకారం అంచున మౌస్ ఎడమ మీట నొక్కి పట్టుకోండి. లోపలికి వెళ్ళేకొద్దీ అదే ఆకారం చిన్నదై మళ్ళీ ఎదురవుతుంది. ఆ పైన ఎమ్ మీట నొక్కండి. 1918 నాటి వ్యాసంలో జూలియా బొమ్మ లేకుండా వర్ణించినది మీ తెరపై కనిపిస్తుంది.