మనసుకు మందుగా పొగాకు: జంగారెడ్డిగూడెం మెట్ట చెప్పే చరిత్ర

జంగారెడ్డిగూడెం మెట్టలో దిగులును మరిపించే మందాకుల చరిత్ర రాయాలంటే మొదట చెప్పుకోవలసింది సరస్వతి ఆకు గురించో, అశ్వగంధ గురించో కాదు, పొగాకు గురించి. అప్పు గుర్తొచ్చి నిద్ర పట్టనప్పుడు, ఎండలో పనిచేసి ఒళ్లు అలిసినప్పుడు పల్లెల్లో చేయి వెతుక్కున్నది చుట్టనే. సరస్వతి ఆకు గట్ల మీద చెమ్మలో తనంతట తాను పాకుతూ ఉండిపోయింది. పొగాకుకు పొలాలూ, ఆకు ఎండబెట్టే బ్యారన్లూ, పరిశోధనాలయాలూ, వేలం కేంద్రాలూ అమరాయి. మనసును నిజంగా కుదుటపరిచింది కాబట్టి అది గెలవలేదు. ఒకసారి పట్టుకుంటే మళ్లీ మళ్లీ కావాలనిపిస్తుంది, ఆ కోరిక చుట్టూ సంత కట్టుకుంటుంది. గెలుపంతా అందులోనే ఉంది.

పొగాకును మందుల లెక్కలో ఎలా వేస్తారని ఎవరైనా అడగవచ్చు. అమెరికా ఖండం నుంచి ఐరోపాకు అది మందుగానూ వచ్చింది. స్పెయిన్ వైద్యుడు మొనార్డెస్ 16వ శతాబ్దంలో దాన్ని ఎన్నో రోగాలకు చికిత్సగా రాశాడు. లిస్బన్‌లో ఫ్రాన్సు రాయబారిగా ఉన్న జాఁ నికో 1560 ప్రాంతంలో తమ రాజసభకు మందుగానే పంపాడు. నికొటిన్‌కు ఆయన పేరే పెట్టారు. పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి చేరిన ఈ మొక్క 17వ శతాబ్దానికల్లా తెలుగు తీరంలో పాతుకుపోయింది. జహంగీరు 1617లో పొగతాగడాన్ని నిషేధించినా ఆగలేదు. గోదావరి లంకల ఘాటైన ఆకు చుట్టలకూ, మచిలీపట్నం నశ్యానికీ దూరదూరాల్లో పేరొచ్చింది.

సిగరెట్ల కోసం వర్జీనియా రకం గుంటూరు సీమకు 1920లలో వచ్చింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలిసింది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి చుట్టుపక్కల ఇసుకపాలు ఎక్కువున్న తేలిక నేలలు. ఇక్కడ వర్జీనియాను నీరు పెట్టి పండిస్తే మంచి రంగున్న ఆకు వస్తుంది. పచ్చి ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌లో వేలాడదీస్తారు. మొదట సన్నని వేడికి ఆకు పసుపు రంగుకు తిరగాలి, తర్వాత వేడి పెంచుతూ ఈనె ఎండేదాకా నడపాలి. ఇదంతా ఐదారు రోజుల కాపలా. మంట కాస్త ఎక్కువైనా రంగు చెడుతుంది, రంగు చెడితే ధర పడిపోతుంది. ఇక పచ్చి ఆకు మంచుతో తడిసి ఉన్నప్పుడు చేతులతో పట్టుకుంటే నికొటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది, ఆంధ్రలో వేలంపాటలు 1985లో మొదలయ్యాయి. ఎక్కడో ఒకరి ఆందోళన తీరుస్తుందనుకున్న ఆకు ఇక్కడ పండించేవాడికి వేలం రోజు ఆందోళనగా మారింది.

మూలికల్లో సత్తా ఉంటే అవే గెలిచేవి కదా అన్నది గట్టి ఆక్షేపణే. సర్పగంధ అనే మూలిక దానికి జవాబు. కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో ఈ వేరు రక్తపోటుకూ ఉన్మాదానికీ పనిచేస్తుందని ప్రకటించారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రక్తపోటు రోగుల మీద దాని ఫలితాలను బ్రిటిష్ పత్రికలో అచ్చువేశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ దాని నుంచి రిసర్పిన్ తీసింది, మానసిక వైద్యశాలలు దాన్ని విరివిగా వాడాయి. అంటే వేరుకు సత్తా ఉంది. ఆ సత్తా వెనకే ప్రమాదమూ ఉంది: కొందరు రోగుల్లో రిసర్పిన్ తీవ్రమైన కుంగుబాటు తెచ్చిందని నివేదికలు రావడంతో వైద్యులు వెనక్కి తగ్గారు. అడవి వేరు కాబట్టి హాని ఉండదనుకోవడం సరికాదు. వసకొమ్మునూ అంతే నమ్మాం. సానరాయి మీద అరగదీసి పసిబిడ్డ నాలుకకు రాసిన ఆ కొమ్మును ఆహారంలో కలపరాదని అమెరికా 1968లో నిషేధించింది.

సరస్వతి ఆకు, నీటిబ్రాహ్మి, అశ్వగంధల మీద పరిశోధనలు జరిగినా చాలావరకు చిన్నవి. పశ్చిమ గోదావరి బిడ్డ డాక్టర్ ఆచంట లక్ష్మీపతి అల్లోపతి చదివి ఆయుర్వేదంలోకి వచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించాలని జీవితమంతా పాటుపడ్డారు. పొగాకు రంగు తేల్చడానికి పెట్టిన శ్రమలో కొంతైనా ఆ పరీక్షకు పెట్టి ఉంటే ఏ ఆకు ఎంతవరకు పనికొస్తుందో మనకు ఈపాటికి తేలిపోయేది.

చివరగా, చుట్ట తాగితే మనసు తేలికపడటం అబద్ధమా అంటారు. తేలికపడుతుంది, నిజమే. కానీ అది చాలావరకు ముందటి చుట్ట మిగిల్చిన వెలితి తీరడమే. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2014లో అచ్చువేసిన ఒక పరిశీలన 26 అధ్యయనాలను కలిపి చూసింది; పొగ మానినవారిలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి మూడూ తగ్గాయని తేలింది. అలాగని పండించే రైతుకు మరో బతుకుదెరువు చూపకుండా పంట మానమనడం అన్యాయం. ఆయిల్‌పామ్ వంటి పంటలు ఈ మెట్టలో వేళ్లూనుకున్నాయి, ఆ దారిని ప్రభుత్వం ఇంకా వెడల్పు చేయాలి. తాగేవారికి మాత్రం ఆగవలసిన పని లేదు. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత ఫోను నంబరు 1800-112-356, మనసు బాగోలేనప్పుడు టెలిమానస్ నంబరు 14416.