గుర్తింపు కార్డు చూపితే ఎక్కే బస్సు: అమెరికా విద్యార్థి రవాణా చరిత్ర

అమెరికాకు చదువుకోవడానికి వచ్చిన తెలుగు విద్యార్థికి మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసివస్తుంది. బియ్యం, పాలు కొనాలంటే మూడు నాలుగు మైళ్ళు వెళ్ళాలి. నడుద్దామంటే కాలిబాట సగం దూరంలోనే ఆగిపోతుంది. “కారు కొనుక్కునేదాకా ఇంతే” అని సీనియర్లు ఓదారుస్తారు. అప్పుడే వచ్చినవాడికి కారు అంత తేలిగ్గా దొరకదు: లైసెన్సు ఉండదు, అప్పు పుట్టడానికి కావలసిన క్రెడిట్ చరిత్ర ఉండదు, ఇన్సూరెన్సుకు సరిపడా డబ్బు ఉండదు. ఈ దేశం మొదటినుంచీ కార్ల దేశమేనని మనలో చాలామంది నమ్మకం. చరిత్ర చూస్తే ఆ నమ్మకం నిలవదు.

1888లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నగరంలో ఫ్రాంక్ స్ప్రేగ్ విద్యుత్తు ట్రాములను విజయవంతంగా నడిపి చూపించాడు. ఆపైన రెండు మూడు దశాబ్దాల్లో అమెరికాలో ఎన్నో చిన్న పట్టణాలకు కూడా ట్రాములు వచ్చాయి. మన మద్రాసులో విద్యుత్తు ట్రాములు 1895లో మొదలయ్యాయి. అమెరికాలో వీటిని ఎక్కువగా ప్రైవేటు కంపెనీలే నడిపాయి. చాలాచోట్ల నగరంతో కుదిరిన ఒప్పందం ప్రకారం టిక్కెట్టు అయిదు సెంట్లు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జీతాలు, ధరలు పెరిగినా టిక్కెట్టును అదే వేగంతో పెంచే వీలు లేకపోయింది. పట్టాల మీదికి కార్లు వచ్చి ట్రాములకు అడ్డుపడ్డాయి. 1930ల ఆర్థిక మాంద్యం మిగిలిన కంపెనీలను కుంగదీసింది.

1956 నాటి చట్టం 41,000 మైళ్ళ జాతీయ రహదారులకు పూనుకుంది. ఖర్చులో 90 శాతం కేంద్ర ప్రభుత్వానిది. నగరాలు చేసుకున్న భూవినియోగ నిబంధనలు ఇళ్ళను ఒకవైపుకు, దుకాణాలను మరోవైపుకు జరిపి, ప్రతి దుకాణం ముందూ ఇంత పార్కింగు ఉండాలన్నాయి. మన విద్యార్థి సంచీ మోసుకుంటూ నడిచే ఆ నాలుగు మైళ్ళలో చాలా భాగం చట్టాలు కొలిచి పెట్టిన దూరమే.

ఈ మార్పు జరుగుతున్న కాలంలోనే విశ్వవిద్యాలయాలు పెరిగాయి. 1944 నాటి చట్టం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు చదువు ఖర్చు ఇచ్చింది. ఆ తరువాత వారి పిల్లల తరం వచ్చింది. ఆవరణల్లో కార్లు పెట్టడానికి చోటు చాలలేదు. ఈ ఇరుకులోంచే కొన్ని కొత్త దారులు పుట్టాయి.

కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఛాన్సలర్ ఎమిల్ మ్రాక్ సైకిళ్ళకు అనువైన ఆవరణను కోరుకున్నాడు. 1967లో ఆ పట్టణం వీధుల్లో సైకిళ్ళకు ప్రత్యేకంగా వరుసలు గీసింది. మరుసటి ఏడాది అక్కడి విద్యార్థి సంఘం లండన్ నుంచి తెప్పించిన రెండు పాత డబుల్ డెక్కర్లతో ‘యూనిట్రాన్స్’ అనే బస్సు సేవను మొదలుపెట్టింది. బస్సు తోలేవాళ్ళూ విద్యార్థులే. 1972లో అయోవా విశ్వవిద్యాలయంలో ‘కాంబస్’ ఇదే పద్ధతిలో, టిక్కెట్టు లేకుండా మొదలైంది. ఈ రెండూ నేటికీ నడుస్తున్నాయి.

ఇల్లినాయ్‌లోని జంట పట్టణాలు షాంపేన్–అర్బానాది ఇంకో దారి. 1970లో అక్కడి ఓటర్లు రవాణా సంస్థ ఏర్పాటుకు ఒప్పుకున్నారు. 1971లో దాని బస్సులు రోడ్డెక్కాయి. 1989లో ఆ సంస్థకూ విశ్వవిద్యాలయానికీ ఒప్పందం కుదిరింది: ప్రతి విద్యార్థీ సెమిస్టరు ఫీజుతోపాటు కొంత రవాణా రుసుము కడతాడు, ఆపైన గుర్తింపు కార్డు చూపి ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. దీని వెనుక లెక్క సులభం. ఇరవైమందితో నడిచే బస్సుకూ నలభైమందితో నడిచే బస్సుకూ ఖర్చు దాదాపు ఒకటే. ఖాళీ సీట్లను టోకున అమ్మితే ఇద్దరికీ లాభం. జెఫ్రీ బ్రౌన్, డేనియల్ హెస్, డోనల్డ్ షూప్ 2001లో ప్రచురించిన అధ్యయనం ఇలాంటి 35 విశ్వవిద్యాలయాలను పరిశీలించింది. సగటు ఖర్చు విద్యార్థికి ఏడాదికి 30 డాలర్లు. మొదటి ఏడాదిలోనే విద్యార్థుల బస్సు ప్రయాణాలు 71 నుంచి 200 శాతం దాకా పెరిగాయి.

నా తరంవాళ్ళు ఎర్రబస్సులో పాసు చూపించి బడికి వెళ్ళినవాళ్ళు. ఆ పాసు ప్రభుత్వ సంస్థ ఇచ్చిన రాయితీ. అమెరికా విద్యార్థి చేతిలోని కార్డు పైకి అలాగే కనిపించినా దాని పుట్టుక వేరు. విద్యార్థులు తమమీద తామే వేసుకున్న చిన్న పన్నుకు అది రసీదు.

తమ డబ్బుతో నడిచే సేవకు తమ క్యాలెండరే హద్దు కూడా. చాలా సంవత్సరాల క్రితం ఒక సోమవారం ఉదయం మా ఆసుపత్రికి ఒక తెలుగు కుర్రవాడు కడుపు పట్టుకుని వచ్చాడు. అవి థాంక్స్‌గివింగ్ సెలవులు ముగిసిన రోజులు. శుక్రవారం రాత్రి నుంచే నొప్పి. గదిలో ఉండేవాళ్ళంతా ఊళ్ళకు వెళ్ళారు. “సెలవుల్లో బస్సులు లేవు సార్. అంబులెన్సుకు ఎంత బిల్లు వేస్తారోనని భయపడ్డాను” అన్నాడు. అపెండిక్స్ అప్పటికే పగిలింది. ప్రాణం దక్కింది గాని ఆ సెమిస్టరు పరీక్షలు పోయాయి. వైద్యుడిగా నేను రాసిన కేసు చరిత్రలో బస్సు వేళలకు చోటు లేదు. ఆ జబ్బు ముదరడానికి అదీ ఒక కారణమే.

2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. దేశాలన్నిటిలోకీ అదే ఎక్కువ. వీరిలో చాలామందికి ఈ దేశంలో ఓటు లేదు. బస్సు దారులను నిర్ణయించే నగరపాలక ఎన్నికల్లో వీరి మాట చెల్లదు. రవాణా రుసుము మీద విద్యార్థి సంఘం జరిపే ఓటింగుకు మాత్రం సాధారణంగా పౌరసత్వంతో పనిలేదు. నమోదైన విద్యార్థి అయితే చాలు. సెలవుల్లో ఒక బస్సయినా తిరగాలని, ఆదివారం కిరాణా దుకాణం దాకా, ఆసుపత్రి దాకా వెళ్ళాలని అడిగే చోటు అదే. డేవిస్ విద్యార్థులు 1968లో ఎవరో ఇస్తారని చూడకుండా రెండు పాత బస్సులతో మొదలుపెట్టారు. సెమిస్టరు ఫీజు బిల్లులో ‘రవాణా’ అన్న వరుస కనిపించినప్పుడు మన పిల్లలు దాన్ని దాటవేయకుండా ఆగి చదవాలి. ఆ డబ్బు వారిది. ఆ బస్సు గురించి మాట్లాడే హక్కూ వారిదే.