జ్యూరీ లేని విచారణ, విచారణే లేని నేరం

పోస్టు కొంచెం పెద్దది. మన తాతముత్తాతల సంగతి కాబట్టి తీరిక చేసుకుని పూర్తిగా చదవండి.

"రుస్తుం" సినిమా చూసినవాళ్లకు జ్యూరీ అంటే ఏందో తెలిసే ఉంటుంది. కోర్టులో జడ్జి ఒక్కడే కాకుండా, మామూలు జనంలో నుంచి కొందరిని కూర్చోబెట్టి, సాక్ష్యం అంతా వినిపించి, "ఇతను నేరం చేశాడా లేదా, మీరు చెప్పండి" అని అడిగే పద్ధతి. ఆ సినిమాకు మూలం కె.ఎం. నానావతి కేసు. 1959లో బొంబాయిలో నేవీ కమాండర్ నానావతి, తన భార్యతో సంబంధం ఉన్న ప్రేమ్ ఆహుజాను తుపాకీతో కాల్చి చంపాడు. జ్యూరీలో తొమ్మిది మంది ఉంటే ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి దానికి ఒప్పుకోకుండా కేసును హైకోర్టుకు పంపాడు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1964లో గవర్నర్ క్షమాభిక్ష పెట్టారు.

ఈ కేసుతోనే జ్యూరీ రద్దయిపోయిందని చాలామంది చెప్తుంటారు. అది సగం నిజమే. జ్యూరీ తీసేయమని లా కమిషన్ 1958లోనే, అంటే ఈ కేసుకు ముందే చెప్పింది. తర్వాత కూడా కొన్నిచోట్ల కొంతకాలం నడిచింది. 1973లో కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చి, 1974 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాక పూర్తిగా పోయింది.

మరి జ్యూరీ లేకుండా ఒక మనిషిని నేరస్తుడని తేల్చడం న్యాయమేనా? లా చదివేవాళ్ల చర్చల్లో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. ఇంగ్లాండ్ ఏమంది, అమెరికా ఏమంది అని మాట్లాడతారు. నేను దీన్ని మన చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి పక్క కాలనీల నుంచి చూడాలనుకుంటున్నాను. ఎందుకంటే మనవాళ్ల మీద నేరం మోపినప్పుడు జ్యూరీ లేదు, జడ్జి లేడు, అసలు కేసే లేదు.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. మొదట ఉత్తర భారతంలో అమలు చేశారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అప్పుడు మన నెల్లూరు జిల్లా మద్రాసు కిందే ఉండేది. ఎరుకల వాళ్లను, యానాదుల్లో కొన్ని గుంపులను ఈ చట్టం కింద "నేరస్త జాతులు" అని ప్రకటించారు. ఎవడో ఒకడు దొంగతనం చేశాడని కాదు. గెజిట్‌లో కులం పేరు పడితే చాలు, ఆ కులంలో పుట్టిన బిడ్డ కూడా అనుమానితుడే.

చట్టం ఎట్లా పనిచేసేదో చూడండి. పేర్లు రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన టైముకు వచ్చి హాజరు చెప్పాలి. గీసిన హద్దు దాటాలంటే పాసు కావాలి. ప్రభుత్వం అనుకుంటే కుటుంబం మొత్తాన్ని సెటిల్‌మెంటుకు తరలించొచ్చు, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టొచ్చు. చట్టంలో జాబితా చేసిన నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తగ్గకూడదు, మూడోసారి అయితే యావజ్జీవ ప్రవాసం. జడ్జి ఏదైనా ప్రత్యేక కారణం రాస్తే తప్ప తగ్గేది లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఒక కులాన్ని నేరస్త జాతి అని ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని చట్టంలోనే రాశారు. అంటే వేల మంది మీద ఒకేసారి తీర్పు పడింది. సాక్షి లేడు, వకీలు లేడు, అప్పీలు లేదు.

మన జిల్లాలో కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఎరుకల సెటిల్‌మెంటు నడిపారు. కప్పరాళ్లతిప్పలో యానాదుల సెటిల్‌మెంటు ఉండేది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఉండేది. ఈ పేర్లు విని ఇప్పటికీ కొందరు నవ్వుతారు, సినిమాల్లో దొంగల ఊరు అని చూపిస్తారు. అక్కడికి మనోళ్లు ఇష్టపడి పోలేదు, ప్రభుత్వం తోలింది.

ఇప్పుడు దీని పక్కనే ఇంకో చట్టం పెట్టి చూడండి. 1883లో ఇల్బర్ట్ బిల్లు వచ్చింది. భారతీయ జడ్జీలు తెల్లవాళ్ల క్రిమినల్ కేసులు విచారించొచ్చు అనేది దాని ఉద్దేశం. తెల్లవాళ్లు దేశమంతా గొడవ చేశారు. చివరికి 1884లో రాజీ కుదిరింది. నిందితుడు తెల్లవాడైతే జ్యూరీ అడగొచ్చు, ఆ జ్యూరీలో కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలి. తనవాళ్లు సగం మంది కూర్చుంటే తప్ప న్యాయం జరగదని తెల్లవాడు అన్నాడు, ప్రభుత్వం ఒప్పుకుంది. అదే ప్రభుత్వం కొన్ని కులాల మొత్తాన్ని ఒక్క విచారణ కూడా లేకుండా నేరస్తులను చేసింది. జ్యూరీ విలువ ఏందో వాళ్లకు బాగా తెలుసు. అది ఎవరికి ఇవ్వాలో కూడా వాళ్లే తేల్చుకున్నారు.

అయితే అప్పుడు మనోళ్లకు కూడా జ్యూరీ ఇచ్చి ఉంటే బాగుపడేవాళ్లమా? నాకు నమ్మకం లేదు. 1898 కోడ్ ప్రకారం జ్యూరీ జాబితా తయారుచేసేది సెషన్స్ జడ్జి, కలెక్టరు. 21 నుంచి 60 ఏళ్ల మగవాళ్లలో తగిన తెలివిడి ఉన్నవాళ్లని వాళ్లకు తోచినవాళ్ల పేర్లు రాస్తారు. ఆడవాళ్లు లేనే లేరు. ఊరి చివర గుడిసెలో ఉండే యానాది పేరు కలెక్టరు రాస్తాడా? కూర్చునేది ఊళ్లో పెద్ద రైతు, షావుకారు. గొర్రె పోయినా, కోళ్లు పోయినా ముందు మన గుడిసె వైపు చూసేది వాళ్లే.

ఇది మన ఒక్క దేశం కథ కాదు. 1955లో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ని చంపేశారు. జ్యూరీలో పన్నెండు మందీ తెల్ల మగవాళ్లే. గంటకు కాస్త అటూ ఇటూగా మాట్లాడుకుని నిందితులను వదిలేశారు. కారణం చెప్పే పని లేదు. అక్కడ జ్యూరీ "దోషి" అంటుంది లేదా "దోషి కాదు" అంటుంది, ఎందుకో రాయదు.

నా వాదన ఇక్కడే ఉంది. జ్యూరీ లేకుండా విచారణ జరగొచ్చు, కానీ కొన్ని షరతులు ఉండాలి. మొదటిది, నేరం మనిషి మీద మోపాలి, కులం మీద కాదు. రెండోది, జడ్జి ఎందుకు శిక్ష వేశాడో కారణాలతో సహా తీర్పు రాయాలి. మూడోది, ఆ కారణాలు తప్పని పై కోర్టులో కొట్లాడే దారి ఉండాలి, దానికి వకీలు ఉండాలి. ఉత్తర ఐర్లాండ్‌లో గొడవల కాలంలో, 1973 నుంచి, కొన్ని కేసులకు జ్యూరీ తీసేశారు. వాటిని డిప్లాక్ కోర్టులు అంటారు. వాటి మీద విమర్శలు చాలా ఉన్నాయి. కానీ అక్కడ కూడా జడ్జి కారణాలు రాయాలని, శిక్ష పడినవాడికి అప్పీలు హక్కు ఉండాలని పెట్టారు. జ్యూరీ తీసేసినచోట దాని బదులు ఏదో ఒక కాపలా పెట్టాలని వాళ్లకు కూడా తెలుసు.

దీనికి ఎదురు మాట ఒకటి ఉంది, అది బలమైనదే. జడ్జి ఒక్కడే అయితే పోలీసు కాగితాలు చూసీ చూసీ అలవాటు పడిపోతాడు, పది మంది ఉంటే ఒక్కరైనా "ఇదేంది?" అని అడుగుతారు అంటారు. నిజమే. మన కులపెద్దల పంచాయతీలో కూడా మంచి అదే, పది మంది ముందు మాట్లాడొచ్చు. కానీ ఆ పంచాయతీలో ఆడవాళ్ల మాట ఎంత నడుస్తుందో, పెద్దమనిషి చుట్టం తప్పు చేస్తే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. పది మంది ఉంటే సరిపోదు, ఆ పది మందిలో ఎవరున్నారో చూడాలి. ఇప్పుడు జ్యూరీ తిరిగి తెచ్చినా కూర్చునేది ఎవరో ఆలోచించండి.

చట్టం దానంతట అది పోలేదు. 1936లో నెహ్రూ మన నెల్లూరు వచ్చినప్పుడు ఈ చట్టాన్ని గట్టిగా ఖండించారు, ఏ జాతినీ మొత్తంగా నేరస్తులని ముద్ర వేయకూడదన్నారు. మన జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. మద్రాసు రాష్ట్రం 1947లో రద్దు చేసింది. దేశమంతా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే డీనోటిఫైడ్ జాతులు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటాయి. మనకు 1947 ఆగస్టు 15 ఎంతో ఇది కూడా అంతే.

కానీ ఆ చట్టం పోయి హాబిచువల్ అఫెండర్స్ చట్టాలు వచ్చాయి. కాగితం మీద అవి కులాన్ని కాకుండా మనిషిని చూస్తాయి. స్టేషన్‌లో అలవాటు మాత్రం అంత తొందరగా పోదు. ఎక్కడో దొంగతనం జరిగితే కాలనీ కుర్రాళ్లను తెచ్చి కూర్చోబెట్టడం మనలో చాలామంది చూసిందే. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్షను కొట్టేసింది. డీనోటిఫైడ్ జాతుల వాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకు చెప్పింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు కూడా ఈ మాట చెప్పాల్సి వచ్చిందంటే ఆలోచించండి.

కాబట్టి ఈ రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి, ఇంట్లో కూడా చెప్పండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఇది రాజ్యాంగం 22వ అధికరణం. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి, ఇది 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్. మండల లీగల్ సర్వీసెస్ కమిటీలో అడగొచ్చు.

డిగ్రీ అయిపోయేవాళ్లు డీఎస్సీ, గ్రూప్స్‌తో పాటు లాసెట్ కూడా ఆలోచించండి. ఈ దేశంలో తీర్పు రాసేది జడ్జి. జ్యూరీ జాబితాలో మన తాతల పేరు రాయలేదు. జడ్జి కుర్చీకి మాత్రం పరీక్ష ఉంది, అది మనం రాయొచ్చు.