పెరట్లో తూనీగ పుట్టే రాత్రి

చప్పుడు చెయ్యకుండా రండి. పెరటి లైటు వెయ్యొద్దు. సాయంత్రం వాన పడింది, నూతి చుట్టూ పాచి పట్టి ఉంది, చూసి అడుగు వెయ్యండి. కోనసీమలో సెప్టెంబరు రాత్రి ఇది. కొబ్బరాకుల మీంచి ఇంకా చినుకులు రాలుతున్నాయి. గోడ వారగా ఉన్న సిమెంటు తొట్టి దగ్గర పీట వేశాను, కూర్చోండి. తొట్టిలో కలువ ఉంది. దాని పక్కన నీళ్ళలోంచి జానెడు పైకి వచ్చిన వెదురు పుల్ల ఉంది. ఈ రాత్రి మనం చూడాల్సింది ఆ పుల్లనే.

టార్చికి బటర్ పేపర్ చుట్టాను. ఆ మసక వెలుగులో నీటి అంచు వైపు చూడండి. మట్టి రంగులో, అంగుళం పొడవున ఉన్నది తూనీగ పిల్ల. తల, రొమ్ము నీళ్ళ పైకి పెట్టి, మిగతా ఒళ్ళు నీళ్ళలోనే ఉంచుకుని కదలకుండా ఉంది. నిన్నటి నుంచీ ఇదే వాలకం. వేట మానేసింది. ఇన్నాళ్ళూ దీనికి ఊపిరి పొట్ట చివర లోపలున్న మొప్పల్లోంచే. నీళ్ళు లోపలికి పీల్చి వెనక్కి చిమ్మేది, తొందరొస్తే ఆ ఊపుతోనే ముందుకు దూసుకుపోయేది. ఇప్పుడు రొమ్ము పక్కనున్న రంధ్రాల్లోంచి గాలి పీలుస్తోంది. గడ్డం కింద మడిచి పెట్టుకున్న పొడవాటి కింది పెదవితో ఎన్ని దోమపిల్లల్ని లాక్కుని తిన్నదో! ఆ పెదవితో ఇక పని లేదు.

కదిలింది. ముందు కాళ్ళు పుల్లని తడుముతున్నాయి. నీరు కారుతూ పైకి పాకుతోంది. మనమిద్దరం ఇప్పుడు బొమ్మల్లా ఉండాలి. టార్చి సూటిగా దాని మీదికి కొట్టినా, పుల్ల కదిలినా మళ్ళీ నీళ్ళలోకి దిగిపోతుంది. వీపు చీలాక మాత్రం వెనక్కి పోయే దారి లేదు. బెత్తెడు ఎత్తు ఎక్కి ఆగింది. ఒళ్ళు అటూ ఇటూ విదిలించి చూసుకుంటోంది, చుట్టూ చోటు సరిపోతుందా లేదా అని. గోళ్ళు వెదురులోకి దిగబడ్డాయి. ఆ పట్టు మీదే రాబోయే రెండు మూడు గంటలూ ఆధారపడి ఉన్నాయి.

కెమెరా ముందే ట్రైపాడ్ మీద బిగించి పెట్టాను. ఇంత దగ్గరగా తీసేటప్పుడు స్పష్టంగా పడేది కొన్ని మిల్లీమీటర్ల మేరే. అందుకే పుల్లకి సమాంతరంగా, పక్క నుంచి తీస్తున్నాను, తల నుంచి తోక దాకా ఒకే వరసలో రావాలని. ఎపర్చరు ఎఫ్ 11లో ఉంది. ఫోకస్ చేత్తోనే తిప్పుకుంటాను, ఈ చీకట్లో ఆటోఫోకస్ దారి తప్పుతుంది. ఫ్లాష్ ముందు తెల్ల కాగితం అడ్డం పెట్టాను. మీ ఫోనుకి మాక్రో ఉంటే అదీ చాలు, ఏదైనా స్టాండుకి ఆనించి పెట్టండి.

ఇదిగో, వీపు చూడండి. రెక్కల తొడుగుల మధ్య సన్నటి లేత గీత పడింది. పాత చర్మం కింద కొత్త చర్మం ఎప్పుడో సిద్ధమైపోయింది. ఎక్డైసోన్ అనే హార్మోను దాని ఒంట్లో ఆ పని మొదలుపెట్టించింది. ఇప్పుడు గాలి మింగుతూ, ఒంట్లోని రక్తాన్ని రొమ్ములోకి నెడుతోంది. ఆ ఒత్తిడికి గీత చీలికైంది. చీలిక తల మీదికి పాకింది. లేతాకుపచ్చ రంగు వీపు ఉబ్బి బయటికి వస్తోంది. తర్వాత తల, పెద్ద పెద్ద కళ్ళు. కాళ్ళు ఒక్కొక్కటే పాత కాళ్ళలోంచి ఊడి వస్తున్నాయి, మేజోళ్ళు విప్పినట్టు. చీలికలోంచి లాగి కట్టినట్టున్న ఆ తెల్లటి పోగులు చూశారా? అవి గాలి గొట్టాల లోపలి పొరలు. చర్మంతో పాటు ఊపిరి గొట్టాల లోగోడల్ని కూడా వదిలి రావాలి. పోగు తెగిపోకుండా ఫ్రేములో పడేలా కెమెరా రవ్వంత జరిపాను.

ఇప్పుడది తలకిందులైంది. పొట్ట చివర మాత్రం పాత చర్మంలో ఇరుక్కుని ఉంది, మిగతా ఒళ్ళంతా వెనక్కి వాలి గాలిలో వేలాడుతోంది. కాళ్ళు రొమ్ముకి ముడుచుకుంది. చూస్తే ప్రాణం పోయిందేమో అనిపిస్తుంది. కాళ్ళు గట్టిపడేదాకా అలాగే ఉంటుంది, దాదాపు అరగంట. చీమల బారు ఒకటి ఎక్కి వచ్చినా, బల్లి నోరు చాచినా తప్పించుకునే సత్తువ దానికి లేదు. తొట్టి చుట్టూ నీళ్ళ పళ్ళెం పెట్టింది చీమల్ని ఆపడానికే.

పెరటి తలుపు కిర్రుమంది. అత్తయ్య.

"ఏమ్మా, ఇంకా పడుకోలేదా? ఆ దోమల్లో ఏం చేస్తున్నావు?"

"తూనీగ పిల్ల పాత చర్మం విడుస్తోంది అత్తయ్యా. మెల్లగా రండి."

ఆవిడ కొంగు చుట్టుకుని నా వెనక నిలబడ్డారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"చిన్నప్పుడు వీటి తోకకి దారం కట్టి ఎగరేసేవాళ్ళమే. ఇంత యాతన పడి వస్తుందని ఎవరికి తెలుసు తల్లీ!"

ఆ మాట అంటుండగానే ఒళ్ళు ఒక్కసారి పైకి లేచింది. తన పాత తలనే కాళ్ళతో పట్టుకుంది. ఒక్క గుంజు, పొట్ట చివర కూడా ఊడి వచ్చింది. అత్తయ్య నా భుజం పట్టుకున్నారు. నా వేలు షట్టర్ మీంచి లేవలేదు, వరసగా పడిన ఫొటోల్లో ఆ ఎగురు మొత్తం దొరికింది.

రెక్కలింకా గుత్తుల్లా ముడుచుకుని ఉన్నాయి. చూస్తూ ఉండండి. రక్తం రెక్కల ఈనెల్లోకి ఎక్కుతోంది. మడతలు మొదట్లోంచి విప్పుకుంటున్నాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, నాలుగూ పాల రంగులో, వీపు మీద ఒక దానికొకటి అంటుకుని. రెక్కలు సాగాక పొట్ట సాగడం మొదలైంది. తోక చివర నుంచి తేటగా ఒక నీటి బొట్టు జారి కలువాకు మీద పడింది. ఒంట్లో మిగిలిన నీటిని ఇలా చుక్క చుక్కగా వదిలేస్తుంది. ఇప్పుడు ఎవరు ముట్టుకున్నా ఆ రెక్క వంకరగానే గట్టిపడిపోతుంది, జన్మలో ఎగరలేదు.

తెల్లవారే దాకా ఇక్కడే ఉంటుంది. ఈలోగా దీని కథ వినండి. శాస్త్రవేత్తలు పాంటాలా ఫ్లావెసెన్స్ అంటారు. వాన నీళ్ళు నిలిచిన గుంటల్లో గుడ్లు పెట్టి, నీళ్ళు ఇంకిపోయేలోగా పెరిగి ఎగిరిపోయే జాతి ఇది. నెలన్నర, రెండు నెలల్లో గుడ్డు తూనీగ అవుతుంది. వానాకాలంలో మన పొలాల మీద, ఆటస్థలాల మీద గుంపులుగా తిరిగే పసుపు తూనీగలు ఎక్కువగా ఇవే.

మాల్దీవుల్లో ఉండే జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ ఏటా అక్టోబరులో అక్కడికి వేలకొద్దీ తూనీగలు రావడం గమనించాడు. ఆ పగడపు దీవుల్లో వాగులూ చెరువులూ లేనట్టే, మరి ఇవెక్కడ పుట్టాయి? ఏళ్ళ తరబడి లెక్కలు రాసుకుని 2009లో ఆయన చెప్పిన సమాధానం ఇది: ఇవి భారతదేశం నుంచి గాలివాటున సముద్రం దాటి, మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికాకి పోతున్నాయి. అక్కడి వానల్లో పిల్లలు పుడతాయి, వాటి తరవాతి తరాలు మళ్ళీ ఇటు వస్తాయి. ఆ చుట్టు ప్రయాణం 14,000 నుంచి 18,000 కిలోమీటర్లని ఆయన అంచనా. 2012లో మాల్దీవుల తూనీగల రెక్కల్లోని హైడ్రోజన్ ఐసోటోపుల్ని పరీక్షించినప్పుడు, అవి ఉత్తర భారతం నుంచో, ఇంకా పై నుంచో వచ్చినవని తేలింది. నాలుగు అంగుళాలైనా లేని రెక్కలతో సముద్రం దాటే ఈ జాతికి మొదటి మెట్టు మన వాన గుంటలే, ఇలాంటి తొట్లే.

తూర్పు తెల్లబడింది. పాల రంగు పోయి రెక్కలు అద్దాల్లా అయ్యాయి. ఇంతసేపూ మూసుకుని ఉన్నవి ఒక్కసారిగా విచ్చుకుని అడ్డంగా చాచుకున్నాయి. ఇప్పుడు వణుకుతున్నాయి. చలికి కాదు, ఎగిరే కండరాల్ని వేడి చేసుకుంటోంది. లేచింది! జామ కొమ్మ దాటింది, పక్కింటి డాబా దాటింది.

పుల్ల మీద మిగిలిన పాత చర్మపు తొడుగుని పారెయ్యకండి. ఆ తొడుగుని బట్టి జాతిని పోల్చవచ్చు, ఫలానా నీళ్ళలో ఫలానా తూనీగ పెరిగిందనడానికి అదే రుజువు. దాన్ని నాలుగు వైపులా ఫొటో తీసి, తేదీ, ఊరు రాసి, ఒడొనేటా ఆఫ్ ఇండియా వెబ్‌సైటుకో ఐనాచురలిస్ట్‌కో పంపండి.

ఇంకొక్క మాట. వాడని తొట్లలో, టైర్లలో, కుండీల కింద పళ్ళాలలో నీళ్ళు నిలవనివ్వకండి, డెంగీ దోమ పెరిగేది అక్కడే. కానీ కలువో తామరో పెంచుకునే తొట్టిలో మాత్రం మందు కొట్టకండి. నీళ్ళు మార్చేటప్పుడు అడుగు నీళ్ళు జల్లెడ పట్టి, దొరికిన తూనీగ పిల్లల్ని తిరిగి వదిలెయ్యండి. నీళ్ళ మధ్యలో గరుకైన వెదురు పుల్ల ఒకటి నిలబెట్టండి. మీరు చెయ్యాల్సింది అంతే, మిగతాదంతా తూనీగ చూసుకుంటుంది.